పిల్లలు చేత్తో పట్టుకునే విమానశాల
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. డి.ఎ. సంగతి, మెడికల్ కార్డుల సంగతి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు గనుక ఆ జోలికి పోను. నాకు అప్పగించిన విషయం ఒక్కటే. మన సభ్యులొకరు బాటసింగారంలో తమకున్న రెండు రేకుల గదులను, ముందున్న ఖాళీ జాగాను ఐదేళ్ళపాటు అద్దె లేకుండా పిల్లల కోసం వాడుకోమన్నారు. విమానాల గురించి, రాకెట్ల గురించి పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే ప్రదర్శనశాల ఒకటి అక్కడ పెట్టాలా వద్దా, పెడితే ఏ పద్ధతిలో పెట్టాలి అన్నది ఈ రోజు మీరు తేల్చాలి.

కమిటీలో రెండు అభిప్రాయాలు గట్టిగా వచ్చాయి. ఒకటి, పెడితే గొప్పగా పెట్టాలి, పాత విమానం ఒకటి తెచ్చి గేటు దగ్గర నిలబెట్టాలి, దూరం నుంచే కనబడాలి అని. రెండవది, ఈ వయసులో మనకెందుకీ పిల్లల వ్యవహారం, ఆ డబ్బేదో వైద్య సహాయ నిధిలో వేస్తే ఆపదలో ఉన్న సభ్యుడికి ఉపయోగపడుతుంది అని. రెండూ సదుద్దేశంతో చెప్పినవే. రెండింటికీ నాకు తోచిన జవాబు చెబుతాను.

మ్యూజియం అనగానే మనకు గుర్తొచ్చేది 'ముట్టుకోరాదు' అన్న బోర్డు. సాలార్‌జంగ్ మ్యూజియంలో అన్ని వేల వస్తువులున్నా గంట కొట్టే సమయానికి జనమంతా ఎక్కడ పోగవుతారో మీకు తెలుసు. ఆ గడియారం ముందు. లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళుతుంది. అది చూడడానికి పెద్దవాళ్ళు కూడా బెంచీల మీద కూర్చుని ఎదురు చూస్తారు. కదిలేదాని మీద మనిషికి అంత ఆసక్తి. తానే కదిలించే వీలుంటే పిల్లవాడికి ఇంకెంత ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1903లో ఆస్కర్ ఫాన్ మిల్లర్ అనే ఇంజనీరు స్థాపించిన డాయిషెస్ మ్యూజియంలో చూడవచ్చినవాళ్ళు మీటలు నొక్కి, పిడులు తిప్పి యంత్రాలను నడిపి చూసే ఏర్పాటు చేశారు. అమెరికాలో 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరటోరియం తెరిచాడు. అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన ఓపెన్‌హైమర్‌కు ఈయన స్వయానా తమ్ముడు. ఈయన మంచితనం ఏమిటంటే, తమ దగ్గర తయారైన ప్రదర్శన వస్తువులను ఎలా చేసుకోవాలో వంటల పుస్తకంలాగా రాయించి అచ్చు వేయించాడు. పేటెంట్లు, హక్కులు అని కూర్చోలేదు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు. మన దేశంలో బెంగుళూరులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం, 1985లో తెరిచిన బొంబాయి నెహ్రూ సైన్స్ సెంటరు, 1993లో వచ్చిన తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఇదే బాటలో నడిచాయి.

మన ఊళ్ళో బిర్లావారి సంగతి మీకందరికీ తెలుసు. నౌబత్ పహాడ్ మీద 1985లో నక్షత్రశాల, 1990లో సైన్స్ మ్యూజియం వచ్చాయి. మనలో చాలామంది పిల్లలను తీసుకుని ఆ మెట్లెక్కినవాళ్ళమే. అక్కడే 2019లో అంతరిక్ష విభాగం కూడా తెరిచారు. రాకెట్ల నమూనాలు, ఉపగ్రహాల నమూనాలు ఉన్నాయి. బాగుంది, చూడవలసినదే. అయితే బాటసింగారం పిల్లవాడు అక్కడికి పోవాలంటే హయత్‌నగర్ దాటి, ఎల్.బి.నగర్ వచ్చి, మెట్రో ఎక్కి, దిగి, కొండెక్కాలి. తల్లిదండ్రులకు ఒక రోజు కూలి పోతుంది. ఏడాదికోసారి బడివాళ్ళు బస్సు మాట్లాడి తీసుకుపోతే వెళ్ళినట్టు, లేకపోతే లేదు.

ఇక పాత విమానం సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది మనసు దాని మీదే ఉంది.

తెలుగు నేల మీద ఈ పని ఘనంగా జరిగిన చోటు విశాఖపట్నం. రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టి.యు.-142 విమానాన్ని మ్యూజియంగా నిలబెట్టారు. రష్యాలో తుపొలెవ్ సంస్థ చేసిన విమానం అది. మన నౌకాదళంలో 1988లో చేరి, సముద్రం మీద శత్రు జలాంతర్గాములను వెతికే పనిలో 29 ఏళ్ళు ఉంది. అరక్కోణంలోని రాజాళి స్థావరంలో 2017 మార్చిలో వీడ్కోలు చెప్పారు. ప్రమాదమన్నది లేకుండా 30,000 గంటలు ఎగిరిన విమానదళమది. ఏప్రిల్‌లో ఒక విమానం విశాఖకు తన ఆఖరి ప్రయాణం చేసింది. అక్కడ దాన్ని విడదీసి, ముక్కలుగా బీచికి తెచ్చి, మళ్ళీ అతికించారు. ఆ ఏడాది డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దాదాపు 14 కోట్ల రూపాయల పని.

నేను మనవళ్ళతో వెళ్ళి చూశాను. లోపలికి ఎక్కి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి రావచ్చు. విమానం పొడవు 50 మీటర్ల పైమాటే, రెక్కల వెడల్పూ సుమారు అంతే. నాలుగు ఇంజన్లు. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, ఒకటి కుడికి తిరిగితే రెండవది ఎడమకు. ముందుది గాలికి పెట్టిన మెలికను వెనుకది విప్పుతుంది, ఆ శక్తి వృథా పోకుండా తోపుగా మారుతుంది. ప్రొపెల్లరు విమానాలలో అంత వేగంగా పోయేది అరుదు. ఇదంతా చూసి నాబోటివాడికి కళ్ళు చెమర్చాయి. కానీ నా చిన్న మనవడు ఏం చేశాడంటే, బయట ప్రదర్శనకు పెట్టిన ప్రొపెల్లరు దగ్గర నిలబడి, 'తాతా, ఇది తిరగదా?' అన్నాడు. తిరగదురా అన్నాను. అంతే, సముద్రం వైపు పరిగెత్తాడు.

ఆ మ్యూజియాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. ఒక నౌకాదళ చరిత్రను నిలబెట్టాలంటే అలాగే నిలబెట్టాలి. కానీ అది ప్రభుత్వాలు, నౌకాదళం కలిసి చేయగల పని. మనం పెన్షనర్లం. విమానం ఊరికే ఇచ్చినా తేవడానికి, నిలబెట్టడానికి, ఏటా రంగు వేయించడానికి, ఎండకు వానకు తుప్పు పట్టకుండా చూడడానికి మన తరం కాదు. 2022 నవంబరులో పత్రికల్లో చదివే ఉంటారు. హైదరాబాదులో హోటలుగా మార్చడానికని కొచ్చి నుంచి పాత విమానాన్ని పెద్ద ట్రెయిలరు మీద తెస్తుంటే బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర అండర్‌పాసులో ఇరుక్కుపోయింది. ఊళ్ళవాళ్ళంతా వచ్చి ఫోటోలు దిగారు. మన సంఘం ట్రెయిలరు అలా ఇరుక్కుంటే తీయించే స్తోమత మన ఖజానాకు లేదని కోశాధికారిగారు తల ఊపుతున్నారు.

కాబట్టి విమానం వద్దు. విమానం ఎందుకు ఎగురుతుందో చేతికి తెలిసే సామాను కావాలి. దానికి మనకంటే తగినవాళ్ళు ఎవరు? ఒకసారి లెక్క చూడండి. డి.ఆర్.డి.ఎల్. 1962లో హైదరాబాదు వచ్చింది. బాలానగర్‌లో హెచ్.ఎ.ఎల్. 1965లో వచ్చింది. బి.డి.ఎల్. 1970లో, మిధాని 1973లో మొదలయ్యాయి. 1982లో అబ్దుల్ కలాంగారు డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా వచ్చారు. 1988 ఫిబ్రవరిలో పృథ్వి, 1989 మేలో అగ్ని ఎగిరాయి. ఆ రోజుల్లో పేపర్లలో పేర్లు పడ్డవాళ్ళు పదిమంది ఉంటే, పేర్లు పడనివాళ్ళు వేలమంది. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, స్టోర్సులో బిళ్ళ రాసినవారు, డ్రాయింగులు గీసినవారు. వాళ్ళలో చాలామంది సైదాబాద్, చంపాపేట, కర్మన్‌ఘాట్, వనస్థలిపురం కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్నారు. ఈ హాల్లోనే ఎంతమంది ఉన్నారో చుట్టూ చూడండి. 2022 నవంబరు 18న హైదరాబాదు కుర్రవాళ్ళ స్కైరూట్ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్టు ఎగరేసింది. ప్రయివేటు సంస్థ ఒకటి మన దేశం నుంచి రాకెట్టు ఎగరేయడం అదే మొదటిసారి. ఆ విద్యకు కావలసిన చేతిపని ఈ ఊళ్ళో పెరగడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఆ చేతులు కొన్ని ఈ హాల్లో మోకాళ్ళ మీద ఊరికే ఆని ఉన్నాయి.

ఇప్పుడు ఆ రెండు గదుల్లో ఏముండాలన్నది చెబుతాను. మూడు నెలలుగా ఆదివారాలు మేము ఏడుగురం వెళ్ళి కొన్ని చేసి చూశాం గనుక ఇది కాగితం మీది మాట కాదు.

మొదటి బల్ల మీద ఐదు కడ్డీలు. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు వేశాం. ఒకటి ఉక్కు, ఒకటి టైటానియం, ఒకటి అల్యూమినియం, ఒకటి కార్బన్ నారతో చేసిన కాంపోజిట్, ఒకటి టేకు. ఉక్కుది 780 గ్రాములుంటే టైటానియం 450, అల్యూమినియం 270, కార్బన్‌ది 160 గ్రాములు. పిల్లలు కళ్ళు మూసుకుని ఎత్తి వరుసలో పెట్టాలి. చూపుకు ఒకటిగా ఉన్నవి చేతిలో వేరుగా ఉండడం వాళ్ళకు గారడీలాగా ఉంటుంది. ఆ తర్వాత, విమానానికి ఏది వాడతావు అని అడుగుతాం. అందరూ అన్నిటికంటే తేలికైన టేకు అంటారు. అప్పుడు వంచి చూపించే ఏర్పాటు పక్కనే ఉంది.

ఆ బల్ల దగ్గరే కలాంగారు స్వయంగా చెబుతూ వచ్చిన సంగతి ఒకటి బొమ్మతో పెట్టాలని నా కోరిక. క్షిపణికి వాడే తేలిక పదార్థాన్ని చూసి నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టరుగారు తన దగ్గరున్న పోలియో పిల్లలను చూపించారు. ఆ పసివాళ్ళు మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఆ పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చారు. మూడు కిలోల ఇనుప చట్రాన్ని, 300 గ్రాముల చట్రాన్ని పక్కపక్కన పెట్టి కాలికి కట్టుకుని పది అడుగులు నడవమంటే, తేలికదనం అన్న మాటకు అర్థం ఏ బోర్డూ చెప్పనక్కరలేదు.

రెండవ బల్లకు సామాను బాటసింగారమే ఇచ్చింది. గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్టు అక్కడి లాజిస్టిక్స్ పార్కుకు తరలిన తర్వాత మామిడిపళ్ళ అట్టపెట్టెలకు కొదవ లేదు. ఆ అట్టను అంచు నుంచి చూడండి. పైన ఒక కాగితం, కింద ఒక కాగితం, మధ్యన అలలుగా ముడిచిన కాగితం. మూడూ విడివిడిగా నిలబడలేనివి. కలిస్తే పది కిలోల పళ్ళు మోస్తాయి. విమానాల తలుపులకు, ఉపగ్రహాల పలకలకు తేనెపట్టు పలకలని వాడతాం. రెండు పలుచని రేకుల మధ్య తేనెపట్టులాంటి గూళ్ళు. సూత్రం ఒకటే. అదే అట్టతో గ్లైడర్లు కత్తిరించి ఎగరేయిస్తాం. ముక్కుకు బరువు తక్కువైతే పైకి లేచి తోక మీద పడుతుంది, ఎక్కువైతే ముక్కు నేలకు కొడుతుంది. మట్టిముద్ద అంటిస్తూ, తీస్తూ పిల్లలే ఆ సమతూకం కనుక్కుంటారు. మనం నోరు మూసుకుని ఉండడమే మన వంతు పని. మనలో కొందరికి ఇది చాలా కష్టంగా ఉంది, పేర్లు చెప్పను.

మూడవది గాలి గొట్టం. రైటు సోదరులు 1901లో ఆరడుగుల చెక్కపెట్టెతో చేసుకున్నారు. లోపలి తూనికలను సైకిలు పుల్లలతో, హాక్‌సా బ్లేడు ముక్కలతో కట్టారు. దాదాపు 200 రెక్క నమూనాలు పరీక్షించిన తర్వాతే 1903 డిసెంబరు 17న 12 సెకన్లు ఎగిరారు. మేము స్టాండు ఫ్యాను పెట్టాం. ఫ్యాను గాలి మెలికలు తిరుగుతూ వస్తుంది గనుక కొబ్బరిబొండాల వాడి దగ్గర దొరికే స్ట్రాలు కొన్ని వందలు కట్టగా కట్టి ముందు పెడితే గాలి తిన్నగా వస్తోంది. వంటింటి తూనిక మీద చిన్న రెక్కను నిలబెట్టి, దాని ముక్కును కొద్దికొద్దిగా పైకెత్తుతూ పోతే అంకె తగ్గుతూ పోతుంది, అంటే రెక్క లేస్తోంది. పదిహేను డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా అంకె మళ్ళీ పెరుగుతుంది. రెక్క వీపును అంటుకుని రావలసిన గాలి విడిపోతుంది. పైలట్లు భయపడే స్టాల్ అంటే అదే.

ఇక్కడ నా పట్టుదల ఒకటి చెప్పుకుంటాను. చాలా పుస్తకాల్లో, కొన్ని మ్యూజియం బోర్డుల మీద కూడా ఒక వివరణ రాసి ఉంటుంది. రెక్క పైభాగం వంపుగా ఉండడం వల్ల పైన పోయే గాలికి దూరం ఎక్కువ, కింద గాలితో పాటే చివర కలుసుకోవాలి గనుక పైగాలి వేగంగా పోతుంది, అందువల్ల రెక్క లేస్తుంది అని. చివర కలుసుకోవాలన్న ఒప్పందం ఆ గాలులకు ఎవరూ చేయించలేదు. నిజానికి పైగాలి కిందగాలి కంటే ముందే చేరుకుంటుంది. రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది, ఆ పనికి బదులుగా గాలి రెక్కను పైకి నెడుతుంది. పైన వేగం పెరిగి ఒత్తిడి తగ్గడం నిజమే గాని కారణం ఆ దూరం లెక్క కాదు. మన బోర్డు మీద తప్పు రాస్తే పదేళ్ళపాటు వందలమంది పిల్లలు అదే రాస్తారు. అందుకని బోర్డులన్నీ అచ్చుకు వెళ్ళేముందు కనీసం ముగ్గురు చదవాలని కోరుతున్నాను. తెలుగులోనే ఉండాలి, కింద ఇంగ్లీషు ఉంటే ఉండనివ్వండి. గుమ్మం దగ్గర పుష్పక విమానం బొమ్మ పెడదామని ఒకరు సూచించారు. బొమ్మగా పెడితే నాకు అభ్యంతరం లేదు. లోపల బల్లల మీద మాత్రం తూచి చూపగలిగినవే ఉండాలి.

మిగిలినవి త్వరగా చెబుతాను. తిరిగే స్టూలు మీద కూర్చుని, గిర్రున తిరుగుతున్న సైకిలు చక్రాన్ని ఇరుసు పట్టుకుని పక్కకు వాల్చితే స్టూలే తిరుగుతుంది. క్షిపణికి దిక్కు చెప్పే గైరోస్కోపు అక్కడి నుంచి మొదలవుతుంది. పారాచూట్లు మన సోదరీమణులు పాత గొడుగు గుడ్డలతో కుట్టి ఇచ్చారు. నడినెత్తిన రంధ్రం లేని దాన్ని, ఉన్నదాన్ని రెండింటినీ డాబా మీద నుంచి వదిలితే, రంధ్రం లేనిది ఊగుతూ పడుతుంది, ఉన్నది నిలకడగా దిగుతుంది. గాలి పక్కల నుంచి పొర్లకుండా నెత్తి మీద నుంచి పోతుంది గనుక. ఈ కుట్టుపనిలో లాభం లేకుండా మూడు ఆదివారాలు కూర్చున్నారు వాళ్ళు. వాళ్ళకు నా కృతజ్ఞతలు.

నీళ్ళ రాకెట్టు మాత్రం బయట జాగాలోనే. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి తాడు లాగితే చూస్తుండగానే పైకి పోతుంది. గేజీ మీద 40 పౌన్లు దాటకూడదు, గీతలు పడ్డ సీసా వాడకూడదు, తాడు పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి, పిల్లలు సున్నం గీతకు అవతల నిలబడాలి. ఈ నిబంధనలకు మినహాయింపు కార్యవర్గ సభ్యుల మనవలకు కూడా లేదు.

రివెట్ల బల్ల గురించి చెప్పి ఆగాలి. రెండు రేకులు కలిపి, కన్నంలో అల్యూమినియం రివెట్టు పెట్టి, కింద దాపు పెట్టి, సుత్తితో కొట్టి తల చేయడం. విమానం ఒంటి మీద అవి వేలు, లక్షలు ఉంటాయి. ఈ బల్ల చేయాలని అన్నవారు, తామే నేర్పుతామని ముందుకొచ్చినవారు మన సభ్యులు, మాస్టరు ఫిట్టరుగా రిటైరైనవారు. సంక్రాంతి తర్వాత ఆయన మనకు లేకుండా పోయారు. దినం నాడు వారబ్బాయి ఆయన పనిముట్ల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే ప్రతి సుత్తి నూనె గుడ్డలో చుట్టి ఉంది. కర్ర పిడులు ఆయన అరచేతి ఆకారానికి అరిగిపోయి ఉన్నాయి. సుత్తులు వచ్చాయి గాని ఆయన కొట్టే తీరు రాలేదు. రివెట్టు తల సరిగా కూర్చుందో లేదో శబ్దాన్ని బట్టి చెప్పేవారు. ఆ శబ్దం ఎలా ఉంటుందో రాసి పెట్టుకునేది కాదు. పక్కన నిలబడి వినాలి. ఆయన దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు వినడానికి కూడా వ్యవధి లేకపోయింది.

ఒక ఆదివారం మార్కెట్టులో హమాలీ పని చేసే ఆయన కూతురు వచ్చింది. ఏడో తరగతి. గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడి, 'తాతా, ముట్టుకుంటే ఏమన్న అంటరా?' అని అడిగింది. ఏమీ అనంరా, రా అన్నాం. రివెట్ల బల్ల దగ్గర మొదటిది వంకరపోయింది, రెండవది చిట్లింది. ఆరవదో ఏడవదో సరిగా కూర్చుంది. ఆ రెండు రేకు ముక్కలను లాగి లాగి చూసింది, రాలేదు. ఇంటికి తీసుకుపోతానంది. ఇచ్చాం. వారం తర్వాత ఇంకో నలుగురిని వెంటేసుకుని వచ్చింది, వాళ్ళకు బల్ల దగ్గర తనే చెబుతోంది.

ఇక వైద్య సహాయ నిధి గురించి లేవనెత్తినవారికి జవాబు. వారి మాటలో న్యాయం ఉంది. రాత్రివేళ గుండెనొప్పి వచ్చిన సభ్యుడిని ఆస్పత్రిలో చేర్చడానికి ముందు డబ్బు కట్టమంటే ఆ నిధే ఆదుకుంటోంది. కనుక ఆ నిధిలో నుంచి ఒక్క రూపాయి కూడా దీనికి తీయకూడదని నేనే తీర్మానంలో రాసి తెచ్చాను. నెలవారీ చందా కూడా పెంచనక్కరలేదు. ఇష్టమున్నవారు ఇష్టమున్నంత ఇస్తారు, రసీదు వేరు, ఖాతా వేరు, లెక్క ప్రతి మూడు నెలలకు ఈ పత్రికలో వస్తుంది. ఇప్పటిదాకా మాకు అయిన ఖర్చులో పెద్దది కరెంటు వైరింగు, తర్వాతది టీ. మాకు నిజంగా కొరతగా ఉన్నది మనుషులు. పిల్లలు ముట్టుకునే వస్తువు విరుగుతుంది. విరగకపోతే ఎవరూ ముట్టుకోలేదని అర్థం. ప్రతి ఆదివారం ఏదో ఒకటి విరుగుతోంది, సోమవారం ఎవరో ఒకరు కూర్చుని బాగుచేయాలి. పెద్ద సంస్థల్లో చేత్తో తిప్పే వస్తువులు పెట్టిన తొలి ఏడాది తర్వాత 'పనిచేయుట లేదు' అన్న చీటీలు వేలాడడం మీరూ చూసి ఉంటారు. అక్కడ డబ్బుండి మనిషి లేడు. మన దగ్గర మనుషులున్నారు, అయితే డెబ్బై దాటినవాళ్ళు. రోజుకు ఎనిమిది గంటలు అడగడం లేదు. నెలకు రెండు ఆదివారాలు, మూడేసి గంటలు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇది అందరికీ తెలిసినదే, అయినా మినిట్సులో ఎక్కాలి. మనం పనిచేసిన సంస్థల డ్రాయింగులు గాని, భాగాలు గాని, ఫోటోలు గాని, ఆ రోజుల డైరీలు గాని ఆ గదుల్లోకి రాకూడదు. గుర్తుగా దాచుకున్న చిన్న నట్టైనా సరే. మనం రిటైరయ్యాం గాని మనం చేసిన ప్రమాణం రిటైరు కాలేదు. ఇక్కడ పెట్టేవన్నీ బజారులో కొన్నవీ, పుస్తకాల్లో ఉన్నవీ, మనం చేత్తో చేసుకున్నవీ. టైటానియం కడ్డీ కూడా డీలరు దగ్గర బిల్లు వేయించి కొన్నాం, బిల్లు ఫైలులో ఉంది. క్షిపణుల గురించి పిల్లలు అడిగితే పేపర్లో వచ్చినంతే చెబుదాం.

చోటు విషయంలో కూడా కొందరికి సందేహం ఉంది. ఊరికి దూరం, దిల్‌సుఖ్‌నగర్‌లో పెడితే బాగుంటుంది కదా అని. దిల్‌సుఖ్‌నగర్ పిల్లలకు కోచింగు సెంటర్లు మెట్టుకొకటి ఉన్నాయి. హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్, బాటసింగారం బళ్ళలో చదివేవాళ్ళకు ఆ సదుపాయం లేదు. రామోజీ ఫిల్ంసిటీకి బస్సులు ఆ ఊరి మీదుగానే పోతాయి. అక్కడ సినిమా కోసం కట్టిన విమానాశ్రయం కూడా ఉంది, టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు చూసి వస్తారు. ఈ పిల్లలు రోడ్డు పక్కన నిలబడి ఆ బస్సులను చూస్తారు.

తీర్మానం ప్రతులు మీ కుర్చీల మీద పెట్టాం. మూడు అంశాలే. గదులను స్వీకరించడం, వేరే ఖాతా తెరవడం, నలుగురితో మరమ్మత్తుల ఉపసంఘం వేయడం. ఓటుకు ముందు ఎవరైనా ఎంత కటువుగానైనా ప్రశ్నించవచ్చు.

తీర్మానం నెగ్గితే వచ్చే రెండో ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఎల్.బి.నగర్ చౌరస్తాలో కలుద్దాం, అక్కడి నుంచి విజయవాడ రోడ్డు బస్సులో పోదాం. ఇళ్ళల్లో వాడకుండా ఉన్న బెంచి వైసులు రెండు, నడిచే స్టాండు ఫ్యాను ఒకటి, సైకిలు ముందు చక్రం ఒకటి కావాలి. రివెట్లు కొట్టినవారు, వారి చేయి ఇప్పుడు వణుకుతున్నా సరే, తప్పకుండా రావాలి. కొట్టడానికి పిల్లలున్నారు. శబ్దం విని చెప్పేవాళ్ళు కావాలి.